ఈగల చదువు

పర్శరాములు దుకాణం తెరవడంలో ఒక పట్టింపు ఉంది. షట్టరు సగమే ఎత్తి, వంగి లోపలికి పోయి, ధర్మపురి లక్ష్మీ నరసింహస్వామి పటం ముందు అగరొత్తి వెలిగించి, ఆ వాసన మూలమూలకూ పాకిన తరువాతే షట్టరు పూర్తిగా లేపుతాడు. స్వామి కంటే ముందు గిరాకీ లోపలికి రావడం ఆయనకు ఇష్టం ఉండదు. హుజూరాబాద్ బజారులో అది చిన్న పూజా సామాన్ల దుకాణం. మామూలు రోజుల్లో పసుపు, కుంకుమ, కర్పూరం, ఒత్తులు అమ్ముడుపోతాయి. పెళ్లిళ్ల కాలం వస్తే బాసింగాలు, కంకణాలు, పెళ్లి పీటలు, తలంబ్రాల పళ్లేలు గుమ్మం దాకా పేరుస్తాడు. ఆ ఊళ్లో ఆయన బాసింగం కట్టుకోకుండా పెళ్లయిన మగవాళ్లు తక్కువ.

ఆ శనివారం షట్టరు లేపేసరికే శ్రీహరి మెట్టు మీద నిలబడి ఉన్నాడు. కుల సంఘానికి కార్యదర్శి. చేతిలో ఫోను పట్టుకుని తొందరగా ఉన్నాడు.

"అన్నా, నిఖిత ఎప్పుడు దిగుతది?"

"పొద్దుగాల బస్సెక్కిన అన్నది. వస్తుంటది."

"అయితె ఇగో, జర గిది చూడు. చౌరస్తల కట్టే ఫ్లెక్సీ. ప్రింటుకు పోయేముందు ఇంటోళ్లకు చూపెట్టాలె గద."

పర్శరాములు కళ్లజోడు పెట్టుకుని చూశాడు. పైన కులదైవం మార్కండేయుడు, నడుమ నల్ల గౌను వేసుకుని పట్టా అందుకుంటున్న తన కూతురు, కింద చేతులు జోడించిన శ్రీహరి. శ్రీహరి బొమ్మ నిఖిత బొమ్మ కంటే పెద్దగా ఉంది.

"సన్మానం నీకా, పిల్లకా?"

"కార్యదర్శిని గదనే. గంత గూడ లేకపోతె ఎట్ల?"

బొమ్మల నడుమ ఎర్ర అక్షరాలతో రాసి ఉంది: 'డెంగీ జ్వరానికి మందు కనిపెడుతున్న మన ఆడబిడ్డ డాక్టర్ నిఖితకు ఘన సన్మానం.' ఆ వాక్యాన్ని పర్శరాములు రెండుసార్లు చదివాడు.

"శ్రీహరీ, గీ మందు మాట తీసేస్తె?"

"అదే గదనే అసలు ముచ్చట. అది తీస్తె ఇగ జనం ఎందుకొస్తరు? సాంబన్న సంగతి తెలుసా నీకు? మనుమరాలు పోయిన్నాటి నుంచి మగ్గం ముట్టనోడు, నిఖితకు కప్పాలని సొంతంగ శాలువా నేస్తుండు. రేపటికి కోసి ఇస్తనన్నడు."

శ్రీహరి వెళ్లిపోయాక పర్శరాములు గల్లా ముందు కూర్చున్నాడు. కర్పూరం కోసం వచ్చిన మనిషికి ఒత్తుల పొట్లం ఇచ్చాడు.

నిఖిత ఏ జ్వరానికీ మందు కనిపెట్టడం లేదు. హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో ఆమె ఆరేళ్లుగా చేస్తున్న పని వేరు. మాగిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలు ఉంటాయి కదా, వాటిని సీసాల్లో పెంచుతుంది. ఆడ ఈగ ఒక మగ ఈగను ఎందుకు ఒప్పుకుంటుంది, మరొకదాన్ని ఎందుకు కాదంటుంది, ఆ ఎంపిక వల్ల వాటి పిల్లల్లో, ఆ పిల్లల పిల్లల్లో ఏం మారుతుంది అన్నది ఆమె చదువు. చేరిన కొత్తలో ఇంటికి వచ్చినప్పుడు అన్నం ముందు కూర్చుని ఎంతో హుషారుగా చెప్పింది. పర్శరాములు తల వంచుకుని పప్పు కలుపుకున్నాడు. కూతురి నోటి వెంట ఆ మాటలు వింటుంటే ఆయనకు ఎటు చూడాలో తోచలేదు.

ఆ తరువాత ఒక పెళ్లి భోజనాల్లో ఎవరో అడిగారు, పిల్ల ఏం చదువుతుందని. "ఈగల మీద" అన్నాడు. బంతిలో ఇద్దరు నవ్వారు. "ఈగల మీద సదువేందయ్యా" అన్నారు. అప్పుడు ఆయన నాలుక తనకు తానే ఒక దారి వెతుక్కుంది. "ఈగలు, దోమలు, గవన్నీ. జ్వరాలకు మందు తీస్తరు వాటి మీద చూసి" అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. ఎవరో ఆయన విస్తట్లో ఇంకో లడ్డు వేయించారు.

అబద్ధం అక్కడితో ఆగిపోయి ఉంటే అది ఒక విస్తరి అబద్ధమే. కానీ కిందటేడు వానకాలం సాంబయ్య మనుమరాలు సాన్వి డెంగీ వచ్చి పోయింది. ఆ పిల్ల రెండో తరగతి. పలకరించడానికి వెళ్లిన పర్శరాములు చెయ్యి పట్టుకుని సాంబయ్య అన్నాడు: "నీ బిడ్డకు చెప్పు తమ్మీ, జర జల్ది చెయ్యమను. ఇంకో పిల్ల గిట్ల పోవద్దు." ఆ చెయ్యి పట్టుకుని నిజం చెప్పేవాడు ఎవడు? పర్శరాములు "చెప్త సాంబన్నా" అన్నాడు. సిగ్గు వల్ల పుట్టిన మాట ఆ రోజు నుంచి జాలి వల్ల బతికింది.

మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్లేసరికి నిఖిత వచ్చి ఉంది. పక్కింటి ముసలమ్మ ఆమె ముందు చీర మోకాలు దాకా లేపి కూర్చుంది.

"డాక్టరమ్మవైతివట గదా. గీ మోకాలు జర చూడు బిడ్డా, మెట్లెక్కుతుంటె పట్టుకపోతుంది."

"నేను మోకాళ్ల డాక్టర్ను గాదు అమ్మమ్మా."

"మరి నడుం నొప్పైనా తెల్వదా?"

"మనుషుల డాక్టర్నే గాదు."

"గట్లనా" అని ముసలమ్మ చీర దించుకుంది. "మరి గింతగనం సదివిందెందుకు" అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది. వంటింట్లోంచి ఆయన భార్య అనసూర్య నవ్వు వినిపించింది. నిఖిత కూడా నవ్వింది. పర్శరాములు మాత్రం కాళ్లు కడుక్కునే వంకతో పెరట్లోకి నడిచాడు.

అన్నానికి ముగ్గురూ కూర్చున్నారు. పచ్చిపులుసు, కంది పప్పు, కూతురికి ఇష్టమైన చిక్కుడుకాయ కూర. రెండు ముద్దలు తిన్నదో లేదో నిఖిత ఫోను మోగింది. చుట్టాల గుంపులో ఎవరో శ్రీహరి ఫ్లెక్సీ బొమ్మ పంపారు. చూసి, ఫోను మెల్లగా తండ్రి కంచం పక్కన పెట్టింది.

"బాపూ, నేను డెంగీకి మందు ఎప్పుడు కనిపెట్టిన?"

పర్శరాములు ఫోను వైపు చూడకుండా ముద్ద కలిపాడు.

"శ్రీహరికి తెల్వక రాసిండు" అన్నాడు.

"ఆయనకు తెల్వదు సరే. ఎవరు చెప్పిన్రు?"

అనసూర్య పులుసు గిన్నె కింద పెట్టి అంది: "ఇంకెవరు చెప్తరు. మీ బాపే. ఆరేండ్ల సంది గదే చెప్తుండు. నేను ఎన్నిసార్లు అన్న, ఎన్నడన్న ఒకనాడు బయటపడ్తదని."

"నీకు గూడ తెలుసా అవ్వా?"

"తెలుసు. ఆయన మొహం చూసి ఊకున్న. నాది గూడ తప్పే."

పర్శరాములు గొంతు సవరించుకున్నాడు. "పట్నంల చెల్లుతది బిడ్డా. ఇక్కడ నలుగురిల కూసోని, నా బిడ్డ ఆడ ఈగ మగ ఈగ కలుసుకునుడు చూస్తది అని ఎట్ల చెప్పాలె నేను? పెండ్లి గాని పిల్లవు. ఒకడు ఒక తీరు అనుకుంటడు, ఇంకొకడు ఇంకో తీరు."

"ఏందయ్యా నువ్వు" అనసూర్య అందుకుంది. "పొద్దున లేస్తె బాసింగాలు, పుస్తెల తాళ్లు, తలంబ్రాలు. జతలు గలిపే సామాన్లు అమ్మే గద పిల్లను సదివిచ్చినవ్. ఏటేటా ధర్మపురికి పోయి స్వామి కల్యాణం కండ్ల నిండ చూసొస్తవ్. మనుషులకు పెండ్లున్నది, దేవునికి పెండ్లున్నది. గా ఈగల కాడికొచ్చే సరికి నీకు సిగ్గు పుట్టుకొచ్చిందా?"

పర్శరాములుకు ఆ మాట గుచ్చుకుంది. పుట్టించినవాడే జతను పుట్టించాడని రోజూ దండం పెట్టే మనిషి, ఆ జత గురించి కూతురు తెలుసుకుంటుంటే ఎందుకు తల వంచుకున్నాడో ఆయనే చెప్పలేడు.

నిఖిత గొంతు పెంచలేదు. "నవ్వుతరని నాకు తెలుసు బాపూ. నా తోటోళ్లే నవ్వుతరు, ఈగలకు పెండ్లిళ్లు చేస్తున్నవా అని. నేను గూడ నవ్వుత. నువ్వు నవ్వినా నాకు బాధ లేకపోవు. నువ్వు దాచిపెట్టినవ్. దొంగ సొత్తు దాచినట్టు నా పనిని దాచినవ్."

"నీ మంచికే గదనే."

"నా మంచికా, నీ పరువుకా?"

అప్పుడు అనసూర్య, ఇక దాచి లాభం లేదనుకుని, సాంబయ్య సంగతి చెప్పింది. సాన్వి పోయిన రోజు చెయ్యి పట్టుకుని అన్న మాటా, మగ్గం మీద ఉన్న శాలువా, అంతా చెప్పింది. నిఖిత ముఖంలో కోపం పోయి మరేదో వచ్చింది. అన్నం కంచం పక్కకు జరిపింది.

"సాంబయ్య తాత గది నమ్ముకొని ఉన్నడా?"

"నమ్ముకొనే ఉన్నడు" అంది అనసూర్య. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "బిడ్డా, దోమలకు ఈగలకు ఏమన్న సంబంధం లేదా? అన్నీ ఎగిరేటియే గద. ఏదన్న ఒక మాట జెప్పి గండం గట్టెక్కొచ్చు గద."

నిఖిత కొంచెం ఆలోచించి నిజమే చెప్పింది. "సంబంధం ఉన్నది. కొన్ని జాగల పిల్లలు పుట్టని మగ దోమలను తయారుచేసి వదిలిపెడ్తరు, దోమలు తగ్గుతయని. ఆ మగ దోమలను ఆడయి ఒప్పుకోవాలె గద. ఎట్ల ఒప్పుకుంటయి అన్నది వాళ్లకు గూడ కావాలె."

పర్శరాములు ముఖం ఒక్కసారిగా విప్పారింది. "గదే చెప్పు. అబద్ధం గాదు గద."

"అది చేసేటోళ్లు వేరే ఉన్నరు బాపూ. నేను చేస్తలేను. నా ఈగలతోని రేపు ఎవలకన్న అక్కెరకొస్తె రావొచ్చు, రాకపోవచ్చు. బిడ్డను పోగొట్టుకున్న మనిషి ముందర కూసోని, నీ సాన్వి కోసమే చేస్తున్న తాతా అని ఎవరిదో పని నాది అని చెప్పాల్నా? శాలువా కప్పించుకోవాల్నా?"

ఆయన ముఖం మళ్లీ ముడుచుకుపోయింది. చెయ్యి కడుక్కుని లేచాడు. కొయ్యకు తగిలించిన అంగీ తొడుక్కున్నాడు.

"ఎటు?" అంది అనసూర్య.

"సాంబన్న దగ్గరికి. చెప్పిన నోరు నాది. నేనే చెప్త. నువ్వు రాకు బిడ్డా."

"నేను వస్త. మరి నీ బిడ్డ ఏం చేస్తది అని అడిగితె నువ్వేం చెప్తవు?"

నిజమే, ఏం చెప్తాడు? ఆయన గుమ్మంలో ఆగి కూతురు చెప్పులు వేసుకునే దాకా చూశాడు.

సాంబయ్య ఇల్లు రెండు వీధుల అవతల. ముందు గదిలోనే గుంట మగ్గం. గుంటలోకి కాళ్లు దించి కూర్చుని నేస్తున్నాడు. నాడె అటూ ఇటూ పోతున్న చప్పుడు బయటి దాకా వస్తోంది. వాళ్లను చూడగానే ఆ చప్పుడు ఆగింది.

"రా బిడ్డా, రా. నీ పనే నడుస్తుంది." సాంబయ్య నవ్వాడు. పళ్లు సగం లేవు. "జానెడు మిగిలింది. రంగు బాగున్నదా? కోడలు ఎర్రది వద్దన్నది, పట్నం పిల్లలు ఎర్రయి కప్పుకోరట. నేనే పెట్టిన."

"బాగున్నది తాతా" అంది నిఖిత. నేల మీదే, మగ్గం అంచుకు దగ్గరగా కూర్చుంది.

పర్శరాములు కూర్చోలేదు. గోడకు సాన్వి ఫొటో ఉంది, దానికి దండ ఉంది. ఆ దండ తన దుకాణం నుంచి వచ్చిందే. అటు చూడకుండా చెప్పడానికి ప్రయత్నించి, చూడకుండా చెప్పలేక, చివరికి అటే చూస్తూ చెప్పాడు.

"సాంబన్నా, నా బిడ్డ జ్వరాల మందు చేస్తలేదు. ఎన్నడు చెయ్యలే. నేనే అబద్ధం చెప్పిన. పిల్లకు తెల్వనే తెల్వదు."

సాంబయ్యకు మొదట అర్థం కాలేదు. వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మరి ఏం చేస్తది?"

ఆరేళ్లుగా పర్శరాములు గొంతు దాటని మాట అది. "పండ్ల మీద వాలే చిన్న ఈగలుంటయి గద. ఆడ ఈగ మగ ఈగను ఎట్ల ఎంచుకుంటదో చూస్తది. ఏది జత గడ్తది, ఏది గట్టది, వాటికి ఎసొంటి పిల్లలు పుడ్తయి, గది సదువుతది. చెప్పుకుంటె నలుగురు నవ్వుతరని దాచిన."

సాంబయ్య చేతిలోని నాడెను మగ్గం మీద పెట్టాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు: "పెండ్లి బంతిల దాచినవంటే సరే. నా ఇంటికొచ్చి ఎందుకు దాచినవ్? నేను నవ్వెటట్టున్ననా పర్శరాములూ, గీ ఏడాది సంది?"

పర్శరాములు తల వంచుకున్నాడు.

"రోజు పొద్దుగాల తానం చేసి దేవుని ముందట నీ బిడ్డ పేరు చెప్తున్న. మా సాన్వి పేరు చెప్పుడు బందువెట్టిన, చెప్తె ఏడుపొస్తుందని. నిఖిత పేరే చెప్తున్న. దానికి తెలివినియ్యి, దాని చేతికి బలమియ్యి అని. ఇప్పుడేం చెప్పాలె నేను ఆయనకు?"

ఆ ప్రశ్నకు పర్శరాములు దగ్గర ఏముంది? దేవుడి సామాన్లు అమ్మేవాడే కానీ, దేవుడికి ఏం చెప్పాలో తెలిసినవాడు కాదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

నిఖిత అంది: "తాతా, మందు కోసం పని చేసేటోళ్లు మస్తు మంది ఉన్నరు. మన దగ్గర ఉన్నరు, వేరే దేశాలల్ల ఉన్నరు. రాత్రింబవళ్లు చేస్తున్నరు. గా మాట అబద్ధం గాదు. వాళ్లకోసం మొక్కు."

"వాళ్ల పేర్లేంది?"

"నాకు గూడ తెల్వయి తాతా."

"పేరు లేకుంట ఎట్ల మొక్కుడు బిడ్డా?"

సాంబయ్య కాసేపు నూలు పోగుల మీద వేళ్లు ఆడించాడు. తెగిన పోగు ఏదో ఉన్నట్టు వెతికాడు. ఏదీ తెగలేదు.

"ఆయనకు తెలుస్తయిలే పేర్లు" అన్నాడు చివరికి, తనకు తానే చెప్పుకున్నట్టు.

తరువాత ఆమె వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. "మగ ఈగ ఏం చేస్తది, ఆడదాన్ని ఒప్పించనీకి?"

"పాడుతది తాతా. ఒక్క రెక్క పక్కకు చాపి ఆడిస్తది. అదే పాట. చుట్టూ తిరుగుతది."

"ఒప్పుకోకపోతె?"

"కాలితోని తంతది. అయినా ఇడువకపోతె ఎగిరిపోతది."

సాంబయ్య పెదవులు కదిలాయి. "మా సాన్వి గూడ గట్లనే. ఎత్తుకుంటె ఇష్టం లేకపోతె తన్నేది. గీడ, గీ పక్కబొక్కల మీద." డొక్క మీద చెయ్యి పెట్టి చూపించాడు. ఆ చెయ్యి అక్కడే ఉంచుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల అల్లరి ముచ్చట ఆయన నోట వచ్చి ఎన్నాళ్లయిందో, వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వాళ్లు లేచేటప్పుడు సాంబయ్య పర్శరాములుతో అన్నాడు: "రేపటి సన్మానం వద్దని శ్రీహరికి చెప్పు. నేను చెప్తె పిల్లను నేనే కాదన్నట్టయితది. నువ్వే చెప్పు. నీ మీద నాకు కోపం పోలే. పోనీకి జర టైం పడ్తది."

"సరే సాంబన్నా."

"పిల్ల మీద లేదు. గది గూడ యాదికి పెట్టుకో."

బయటికి వచ్చాక వెనక మగ్గం చప్పుడు వినిపిస్తుందేమోనని పర్శరాములు చెవి పెట్టాడు. వినిపించలేదు.

చౌరస్తాలో శ్రీహరి నిచ్చెన ఎక్కి ఫ్లెక్సీ కడుతున్నాడు. పక్కనే చాయ్ హోటల్ ముందు నలుగురైదుగురు ఉన్నారు. నిఖితను చూసి "ఇగో, డాక్టరమ్మ వచ్చింది" అని జరిగి దారి ఇచ్చారు. పర్శరాములు నిచ్చెన దగ్గర ఆగాడు.

"దింపు శ్రీహరీ."

"ఏమైందే? వంకరున్నదా?"

"వంకర గాదు. అందుల రాసింది నిజం గాదు. మా పిల్ల డెంగీ మందు చేస్తలేదు. సన్మానం లేదు రేపు."

శ్రీహరి నిచ్చెన మీది నుంచి దిగివచ్చాడు. "గిదేందన్నా, ఊరంత చెప్పుకున్నంక? నువ్వే గద చెప్పినవ్."

"నేనే చెప్పిన. తప్పు చెప్పిన. మా పిల్ల ఈగల మీద చదువుతది. ఆడ ఈగ ఏ మగ ఈగను ఒప్పుకుంటది, ఎందుకు ఒప్పుకుంటది అన్న దాని మీద డాక్టర్ పట్టా తీసుకున్నది." బజారులో, పట్టపగలు, నలుగురి ముందు అంత మాటా చెప్పాడు. చెప్పాక చెవులు వేడెక్కాయి.

బల్ల మీద కూర్చున్న హనుమండ్లు, ఆటో నడిపేవాడు, చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అయితె ఈగల పెండ్లికి బాసింగాలు నీ కొట్లకెళ్లేనా అన్నా?"

అందరూ నవ్వారు. పర్శరాములుకు ఆరేళ్ల కిందటి పెళ్లి బంతి గుర్తుకొచ్చింది. ఆ రోజు ఈ నవ్వుకే భయపడ్డాడు. ఇప్పుడు ఆ నవ్వు ఎదురుగానే ఉంది. అది వచ్చి ఏం చేసిందని చూసుకుంటే, పెద్దగా ఏమీ చేయలేదు.

"నీ పెండ్లికి బాసింగం నా కొట్లకెళ్లే పోయింది గద హనుమండ్లూ. కట్టుకునేముందు పిల్లకు ఇష్టమున్నదా లేదా అని అడిగినవా?"

"నేనెందుకు అడుగుత? పెద్దోళ్లు చూసుకున్నరు."

"గా ఈగ అడుగుతదట. అడిగి, వద్దంటే తన్నులు తిని గూడ మల్ల అడుగుతదట."

ఈసారి నవ్వు హనుమండ్లు మీదికి మళ్లింది. వాడూ తల గోక్కుంటూ నవ్వాడు. శ్రీహరి మాత్రం నవ్వలేదు. తన బొమ్మ ఉన్న ఫ్లెక్సీని చుట్టి చంకలో పెట్టుకుంటూ, "ముందే చెప్తె ఇంత పరేషాన్ ఉండకపోవు" అని సణిగాడు. సంఘంలో ఈ మాట కొన్నాళ్లు తిరుగుతుంది. సన్మానం ఆగిపోయిన ఇల్లని అంటారు, అబద్ధాల పర్శరాములు అని కూడా అంటారు. అది ఆయనకు తెలుసు. ఆ మాటలు తన మీద పడవలసినవే కాబట్టి ఆయన వాటి గురించి మరి ఆలోచించలేదు.

తండ్రీ కూతుళ్లు ఇంటికి నడిచారు. అరుగు మీద అనసూర్య బియ్యం చేటతో కూర్చుని ఎదురుచూస్తోంది. వాళ్ల ముఖాలు చూసి ఏమీ అడగలేదు. చేట పక్కన పెట్టి చోటు ఇచ్చింది. ముగ్గురూ వరసగా కూర్చున్నారు. ఎండ అరుగు దిగి వీధిలోకి జరిగింది.

అప్పుడు అడిగాడు పర్శరాములు.

"పాడుతదన్నవ్ గద, ఆ మగ ఈగ. నీకు వినపడ్తదా?"

నిఖిత తండ్రి వైపు తిరిగి చూసింది. ఇన్నేళ్లలో ఫోను చేసినప్పుడల్లా అన్నం తిన్నావా అని అడిగాడు. హాస్టల్లో నీళ్లు వస్తున్నాయా అని అడిగాడు. ఎప్పుడు వస్తావని అడిగాడు. ఆమె పని గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"ఉత్త చెవికి వినపడదు బాపూ. చిన్న మైకు మీద ఈగలను పెట్టి, చప్పుడు పెద్దగ చేసి వింటం. నా ఫోన్ల ఉన్నది. వింటవా?"

ఆయన తల ఊపాడు. ఆమె వెతికి, ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది. మొదట ఏమీ లేదు. తరువాత సన్నగా, తెంపులు తెంపులుగా, టుక్ టుక్ మంటూ ఒక గురగుర వచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది. అనసూర్య కూడా తల వంచి చెవి ఆనించింది.

"ఏందే, ఎక్కడ్నో దూరంగ పిండి గిర్ని నడిచినట్టున్నది" అంది.

"అదే పాట అవ్వా."

"గంతేనా? గింత దానికి ఒప్పుకుంటదా అది?"

"ఒక్కోసారి ఒప్పుకుంటది. ఒక్కోసారి ఎంత పాడినా ఒప్పుకోదు. ఎందుకో పూర్తిగ ఇంకా ఎవలకు తెల్వదు. గందుకే చదువుతున్న."

పాట అయిపోయింది. పర్శరాములు ఫోను చెవి దగ్గరి నుంచి తీయలేదు. వేలెడు కూడా లేని ప్రాణి, రెక్క చాపి, మనుషులు వింటున్నారని తెలియక, తన బతుకంతా ఆ చిన్న చప్పుడులో పెట్టి పాడింది. దాన్ని ఈ భూమి మీద కూర్చుని విన్నవాళ్లలో తన కూతురు ఒకతి. స్వామి ఆ ప్రాణిని చేసేటప్పుడు సిగ్గుపడి ఉండడు కదా అని ఆయనకు అనిపించింది. చెంపల మీది తడిని అరచేత్తో తుడుచుకుని, ఫోను కూతురి చేతికిచ్చాడు.

"ఇంకోసారి పెట్టు" అన్నాడు. "గీసారి ఏ చప్పుడు ఎందుకొస్తదో చెప్పుకుంట పెట్టు."

నిఖిత జరిగి తండ్రి భుజానికి ఆనుకుని కూర్చుంది. మొదటి నుంచి మొదలుపెట్టింది.